పలక పట్టుటకు ముందు

గడచిన మాసమున బిడ్డల నిద్రనుగూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున వారి తొలి చదువునుగూర్చి వ్రాయవలసినదిగా పలువురు సోదరీమణులు కోరియున్నారు. వారిలో ఒకరి జాబు మా మనస్సును మిక్కిలి కలంచినది. ఆమె కుమారునకు నాలుగవ యేడు నడుచుచున్నది. ఎదురింటి బాలుడు అచ్చులు, హల్లులు, నూఱువఱకు అంకెలు, అవిగాక ఇంగ్లీషు అక్షరములును గడగడ వ్రాయుచున్నాడట. ఈమె బిడ్డడో, పలకను చూచినంతనే మంచము క్రింద దూరుచున్నాడట. ఒకనాడు కోపము పట్టజాలక వీపుపై రెండు వేసితిననియు, నాటినుండి వాడు పలకను బియ్యపు డబ్బా వెనుక దాచి, ఎక్కడరా యని యడిగిన తెలియదనుచున్నాడనియు, వాడు మందబుద్ధి యగునేమో యని తమకు రాత్రులు నిద్ర పట్టుటలేదనియు వ్రాసిరి.

పలకను దాచుటకు తగిన చోటు వెదకుకొని, అడిగినప్పుడు తెలియదని చెప్పగల బిడ్డడు మందబుద్ధి కాడని మొదట ఆ సోదరికి మనవి చేయుచున్నాము. కొఱత వాని తెలివిలో లేదు. వాని చేతికి ఆ పనికి ఇంకను వేళ కాలేదు, అంతియే. మన మణికట్టులో ఎనిమిది చిన్న యెముకలు కలవు. బిడ్డకు మూడేండ్లు వచ్చునాటికి వానిలో ఇంచుమించు మూడు మాత్రమే గట్టిపడ నారంభించియుండును. తక్కినవి మెత్తని మృదులాస్థిగానే యుండి, యేండ్లు గడచినకొలది ఎముకగా మాఱును. ఎముక యొక్కటే కాదు, వ్రేళ్లను సన్నసన్నగా కదల్పగల పట్టును, కంటిని చేతిని కలిపి నడపగల నేర్పును క్రమముగా వచ్చునవే. అట్టి చేతికి సన్నని పెన్సి లిచ్చి, నాలుగు గీతల నడుమ ఇముడునట్లు వ్రాయుమనినచో, బిడ్డకు చదువనిన బాధయను భావమే మొదట అబ్బును. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానముకూడ మూడు మొదలు ఆఱేండ్ల ప్రాయమును ఆటపాటల చదువునకు విడిచి, ఒకటవ తరగతిని ఆఱేండ్ల ప్రాయమున నుంచినది. అయినను మన పట్టణములలో కొన్ని బడులు మూడేండ్ల పసివానిని చేర్చుకొనుటకే పరీక్ష పెట్టుచున్నవి. వానితో పోరాడుట యీ పుటకు మించిన పని. ఇంటిలో మనము చేయగలది యేమో చూతము.

అక్షరాభ్యాసమునాడు మన పెద్దలు ఏమి చేయుదురో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బాసరకు పోయి చేయించినను, ఇంటి దేవుని గూటియొద్ద చేయించినను, పళ్లెములో బియ్యము పోసి, బిడ్డ చూపుడువ్రేలు పట్టి, దానిపై ఓనమాలు దిద్దింతురు. అక్షరపు మలుపు ముందు వ్రేలికి తెలియవలెను, తరువాతనే కలమునకు. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరిగారు 1907లో రోము నగరపు పేదల వాడలో శిశుగృహమును తెఱచిరి. అచ్చట ఇసుకకాగితమును అక్షరములుగా కత్తిరించి, అట్టలపై నతికి, బిడ్డలచేత వానిపై వ్రేలు త్రిప్పించిరి. ఆమె 1939లో మదరాసునకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చినపుడు, ఆ పద్ధతిని మెచ్చుకొన్న మనవారిలో ఎంతమందికి తమ యింటి బియ్యపు పళ్లెము గుర్తు వచ్చినదో! మనము ఆ పళ్లెమును ఒక్కనాటి వేడుకతో సరిపెట్టి, మఱునాడే పెన్సిలు చేతికిచ్చుచున్నాము. దానిని నెలలతరబడి ఉంచవచ్చును. బియ్యము లేనిచో సన్నని ఇసుకయు, గోధుమ రవ్వయు పనికివచ్చును. బిడ్డ తప్పు వ్రాసినచో పళ్లెము నొకసారి కదపిన తప్పే యుండదు; కొట్టివేతయు, ఎఱ్ఱసిరా గుర్తును లేని పుస్తక మది.

ఇక చేతికి బలము తెచ్చు పనులు. వీనికై అంగడిలో ఆటవస్తువులు కొనవలసిన యవసరము లేదు, వంటయిల్లే చాలును. చిక్కుడుకాయల యీనెలు తీయుట, బఠానీలు ఒలుచుట, వెల్లుల్లి పాయలు విడదీయుట, చపాతీపిండిలో చిన్న ముద్ద తీసికొని పాములు చేయుట, తడి చేతిరుమాలు పిండుట, దండెముపై ఆరవేసిన బట్టలకు క్లిప్పులు పెట్టుట—ఇవన్నియు బొటనవ్రేలికిని తక్కిన రెండు వ్రేళ్లకును కలము పట్టుటకు వలయు పట్టునే యిచ్చును. పని ఆలస్యమగునని మీరందురు. నిజమే. పావుసేరు చిక్కుళ్లు మీరు పది నిమిషములలో ముగింతురు, బిడ్డ కూర్చున్నచో అరగంట పట్టును. కావున రోజంతయు కాక, తీరికయున్న పూట ఒక్క పనిలో వానిని చేర్చుకొనుడు. ఉద్యోగమునకు పోవు తల్లులకు ఉదయమున అది సాగదు. వారికి ఆదివారమున్నది, రాత్రి బట్టలు మడుచు వేళయున్నది.

అన్నింటిలోను మాకు ముగ్గుమీద మక్కువ యెక్కువ. పిండిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పట్టి, చిటికెడు చిటికెడుగా జాఱవిడుచుటలో ఎంత నిగ్రహము కావలెనో ముగ్గు వేయు వారెల్లరు నెఱుగుదురు. బిడ్డకు నాలుగు చుక్కలు పెట్టి యిండు. మొదట చుక్కకు చుక్కకు గీత కలుపును. పిదప చుక్కచుట్టును గుండ్రముగా త్రిప్పును. ఆ గుండ్రమే మన సున్న. దానికి తలకట్టు పెట్టిన ‘ర’. నడుమ చుక్కకూడ పెట్టిన ‘ఠ’. మన లిపిలో పెక్కు అక్షరములకు ఆధారమైన మలుపు వాకిటిలోనే చేతికి వచ్చును. మగపిల్లవానికి ముగ్గేమిటని అత్తగారు నవ్వవచ్చును, నవ్వనిండు. ఒక్క జాగ్రత్త మాత్రము వలయును: సున్నము కలసిన పిండి కంటిలో పడిన ప్రమాదము. బిడ్డలకు బియ్యపుపిండియే యీయవలెను.

చేతికంటె చెవి యింకను ముఖ్యమని మా యభిప్రాయము. దీనినే మన యిండ్లలో ఎవ్వరును పట్టించుకొనరు. అక్షరమనగా ధ్వనికి గుఱుతు. ధ్వనిని విడదీసి వినలేని బిడ్డకు గుఱుతు చూపి ప్రయోజన మేమి? ఈ విషయమున తెలుగు బిడ్డలు అదృష్టవంతులు. ‘అమ్మమ్మ’ యని చప్పట్లు కొట్టుచు పలికించుడు: మూడు చప్పట్లు, వ్రాసిన మూడు అక్షరములు. ‘అరటిపండు’ అయిదు చప్పట్లు, అయిదు అక్షరములు. పలికినదే వ్రాతలో కనబడు నిట్టి సౌకర్యము ఇంగ్లీషు బిడ్డలకు లేదు. చప్పట్ల ఆట పట్టుబడిన పిమ్మట, ‘మ’తో మొదలగు వస్తువు లింటిలో నేమేమి యున్నవో వెదకించుడు, మంచము, మజ్జిగ, మామిడికాయ అని వారే యిల్లంతయు తిరిగి చెప్పుదురు. ఆ తరువాత హ్రస్వదీర్ఘములు. మెడ–మేడ, పడు–పాడు, ఒత్తునకు గడి–గడ్డి. ఇవి పాఠముగా చెప్పవలదు. “అమ్మ మేడలో గొలుసు వేసికొన్నది” అని కావలెనని తప్పుగా పలుకుడు. బిడ్డ పకపక నవ్వి, మేడ కాదు మెడ యని దిద్దును. ఆ దిద్దిన బిడ్డకు ఎత్వమునకును ఏత్వమునకును భేదము రేపు బడిలో కొత్తగా చెప్పనక్కఱలేదు. ఈ యాటకు కాగితము లేదు, ఖర్చు లేదు. స్నానము చేయించుచు ఆడవచ్చును, బస్సులో ఆడవచ్చును.

లెక్కనుగూర్చియు ఒక భ్రమ కలదు. బిడ్డ నూఱువఱకు ఒప్పచెప్పిన లెక్క వచ్చినదని మురిసిపోదుము. ఆ బిడ్డనే బుట్టలోనుండి మూడు నిమ్మకాయలు తెమ్మని చూడుడు. చేతికందినన్ని తెచ్చినచో, వానికి వచ్చినది పాటయే కాని లెక్క కాదు. పాటకూడ మంచిదే, ఇరువది దాటిన పిమ్మట మన సంఖ్యల పేర్లు ఒక క్రమములో నడుచునవి గనుక తెలుగు బిడ్డకది సులభముగనే వచ్చును. కాని లెక్క యనునది ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క సంఖ్యను జతపఱుచుట. భోజనవేళ దీనికి మంచి సమయము. నాన్నకొకటి, తాతయ్యకొకటి, చెల్లికొకటి యని కంచములు పెట్టించుడు. కంచములు నాలుగు, మనుష్యులు నలుగురు. గ్లాసులు మూడు, పిల్లలు ముగ్గురు. మనుష్యులకు వేఱు మాట, వస్తువులకు వేఱు మాట యున్న మన భాషయే బిడ్డను ఆలోచింపజేయును.

చింతగింజలతో వామనగుంట లాడిన యిండ్లలోని బిడ్డలకు కూడికయు తీసివేతయు ఎవరును నేర్పనక్కఱలేకుండెడిది. ఏడేసి గుంటల రెండు వరుసలు చిన్నవారికి ఎక్కువ. మూడు గుంటలతో మొదలు పెట్టుడు. మూడేండ్లు నిండని బిడ్డ యింటనున్నచో గింజలు, గవ్వలు, గులకరాళ్లు వాని చేతి కందనీయకుడు. నోటను ముక్కునను పెట్టుకొనుట ఆ వయస్సు స్వభావము. గొంతున అడ్డుపడిన ప్రాణమునకే ముప్పు.

కొలతలలో మఱొక వింత చూడవచ్చును. వెడల్పు గిన్నెలోని నీటిని బిడ్డ చూచుచుండగనే పొడవైన గ్లాసులో పోయుడు. నాలుగేండ్ల బిడ్డ నీరెక్కువయ్యెననును. స్విట్జర్లాండు దేశీయుడగు పియాజే యను పండితుడు చిన్నబిడ్డల కిట్లు తోచుట సహజమని పరిశీలించి చూపెను. బిడ్డతో వాదింపవలదు, నవ్వవలదు. మరల గిన్నెలో పోయుమని వానికే యిండు. కొన్నేండ్లు గడచిన పిదప తానే గ్రహించును.

కథలు చెప్పుటనుగూర్చి మన పాఠకురాండ్రకు మేము చెప్పవలసినది తక్కువ. గుజరాతున భావనగరములో 1920లో బాలమందిరమును నెలకొల్పిన గిజూభాయి బధేకాగారు కథనే చదువునకు ద్వారముగా నెంచిరి. ఒక్క సలహా మాత్రము: చెప్పిన కథను మఱునాడు బిడ్డచేత చెప్పించుడు. నడుమ తప్పినచో అందిచ్చుటకు తొందరపడక, “తరువాత ఏమైనది?” అని మాత్రమే యడుగుడు. నేషనల్ బుక్ ట్రస్టువారు తెలుగులో ప్రచురించు బొమ్మల పుస్తకములవంటివి రెండు మూడు ఇంటనున్న చాలును. చదువునపుడు పంక్తి క్రింద మీ వ్రేలు నడపుడు. మాట లా గీతలలోనుండి వచ్చుచున్నవని బిడ్డకు తెలియును.

సెల్‌ఫోను కథ చెప్పుట లేదా, పాట పాడుట లేదా యని కొందఱడుగుదురు. పాడును, కాని బిడ్డ ప్రశ్నకు బదులు చెప్పదు, వాని ముఖము చూచి కథ మార్చదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2019లో, రెండేండ్లు నిండని బిడ్డలకు తెరయే వలదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వారికి దినమునకు గంటకు మించరాదనియు, తగ్గినకొలది మేలనియు సూచించిరి. దూరదేశములందున్న మనుమలకు అమ్మమ్మలు ఫోనులో కథలు చెప్పుట దీనిక్రింద రాదని మా మతము. అచ్చట అవతల మనిషి యున్నది, సంభాషణ యున్నది.

ఇంగ్లీషు వెనుకబడునను భయముతో కొందఱు తల్లులు బిడ్డతో తమకే సరిగా రాని మాటలలో మాటలాడుచున్నారు. “బాల్ తీసికో, వాటర్ త్రాగు” అను మాటలతో బిడ్డకు వస్తువుల పేర్లు వచ్చును, ఆలోచన రాదు. “ఆకులు ఎందుకు రాలినవి? నిన్న వాన రాకుండినచో మనమెక్కడికి పోయెడివారము?” అని మీరు ఏ భాషలో ధారాళముగా అడుగగలరో, ఆ భాషలోనే మాటలాడుడు. ఇంటిభాష గట్టిపడిన బిడ్డకు రెండవ భాష దానిమీద నిలుచును.

ఇంతవఱకు చెప్పినది ఆరోగ్యముగా నున్న బిడ్డలనుగూర్చి. రెండేండ్లు నిండినను రెండు మాటలు కలిపి పలుకనిచో, మూడేండ్లు దాటినను వాని మాట పరులకు చాలవఱకు తెలియనిచో, వెనుకనుండి పిలిచిన తిరిగి చూడనిచో, వాడే నేర్చుకొనునని ఊరకుండవలదు. ముందుగా చెవిపరీక్ష చేయింపవలెను. చెవికి వినబడని బిడ్డను మొండివాడని కొట్టిన యిండ్లు మేమెఱుగుదుము. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను ప్రభుత్వ పాఠశాలలలోను బిడ్డలను ఉచితముగా పరీక్షింతురు. అంగన్‌వాడీ కార్యకర్త నడిగిన వివరములు తెలియును.

పలక యెప్పుడిచ్చుట? బిడ్డ తానే పుల్లతో నేలపై గీయుచు, ఇది నా పేరని చెప్పుకొనునాడు ఈయవచ్చును. పొడుగు బలపముకంటె అంగుళమంత ముక్క మేలు. పిడికిట పట్టుటకు చాలదు గనుక మూడు వ్రేళ్లతోనే పట్టుకొనవలసివచ్చును. ఆ ముక్క నోటిలోనికి పోకుండ చూచుచుండుడు. బలపము, మట్టి, గోడసున్నము మాటిమాటికి తిను బిడ్డ యున్నచో అది అల్లరి యనుకొనవద్దు. రక్తములో ఇనుము తక్కువగుటవలన అట్టి కోరిక పుట్టుట కలదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆఱు నెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 67 మందికి రక్తహీనత కనబడినది. రక్తము తక్కువైన బిడ్డకు ఏకాగ్రత నిలువదు. వైద్యునిచే రక్తపరీక్ష చేయించి, ఆయన చెప్పిన మందుతోపాటు తోటకూర, పప్పులు, రాగిసంకటి, తినువారింట గ్రుడ్డు, మాంసము పెట్టుచు, అన్నముపై నిమ్మకాయ పిండుడు. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టుటకు అది తోడ్పడును. భోజనముతోడనే టీ ఇచ్చు అలవాటున్న యిండ్లలో దానిని వెంటనే మాన్పింపవలెను.