పోలీసు పట్టికయు స్వీయచరిత్రయు

ఉప్పలు చౌరస్తాయొద్ద చేయి చాచు హిజ్రాలను, ఆ త్రోవను నాచారపు కార్ఖానాలకు పోవువారు చూచుచునే యున్నారు. వారిలో నొకరు వ్రాసినదానిని చదివినవారెందరు? ఇట్లడుగుటకు కారణము కలదు.

హైదరాబాదు సంస్థానమున 1329 ఫసలీలో, అనగా 1919లో, హిజ్రాలనుగూర్చి యొక శాసనము పుట్టినది. ఆంగ్లేయులు 1871లో చేసిన నేరస్థజాతుల చట్టమునకిది తోబుట్టువు. బాలుర నెత్తుకొనిపోవుదురను అనుమానము తగిలిన హిజ్రాల పేర్లును నివాసములును పట్టిక కెక్కించుట దాని పని. పట్టిక కెక్కినవారు వీధిలో స్త్రీవేషమున కనబడినను, ఆడి పాడినను, వారంటు లేకయే పట్టి, రెండేండ్లవరకు ఖైదు విధింపవచ్చునట! నేరమునకు వేరు ఋజువేల? కట్టిన చీరయే చాలును. ఆంగ్లేయులు పోయిరి, నిజాము పోయెను, శాసనము నిలిచెను. వైజయంతి వసంత మొగ్లి మొదలగువారు 2018లో న్యాయస్థానము నాశ్రయింపగా, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది.

ఇంతకాలము వీరినిగూర్చి వ్రాసినవారందరు ఇతరులే. తిక్కన విరాటపర్వములోని బృహన్నలను మనము ముచ్చటపడి చదువుదుము. లోపల నున్నవాడు అర్జునుడని యెరిగియే ఆ ముచ్చట! వేషము కానివారికి మన చలనచిత్రములలో దక్కినది నవ్వులపాటు. నాచారమున స్టూడియో వెలసినది గనుక ఈ మాట మనయింటివారికే ముందు చెప్పవలసియున్నది.

రేవతిగారు తమిళదేశమున మగబిడ్డగా పెరిగి, తాను స్త్రీనని యెరిగి, ఇల్లు విడిచిరి. ఇంటిలో తిన్న దెబ్బలును, పోలీసులచేత పడిన యవమానములును దాచక తన బ్రదుకును తానే వ్రాసిరి. కథారచయిత్రి పి. సత్యవతిగారు దానిని ‘ఒక హిజ్రా ఆత్మకథ’యను పేర తెనిగింపగా, 2019వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద బహుమానము లభించినది. పోలీసు పట్టికలో పేరును చిరునామాయు నుండును. ఈ పుస్తకమున తల్లిని తలచుకొని యేడ్చు బిడ్డ యున్నది.

ఉప్పలు, నాచారము ప్రాంతములలో పఠనమందిరములు నడుపువారిని మేము కోరునది స్వల్పము. ఆ పుస్తకమును తెప్పింపుడు. చదువ వచ్చిన హిజ్రాలకు సభ్యత్వ మిండు. దరఖాస్తులో స్త్రీ, పురుషుడు అను రెండు గడులే యున్నచో మూడవది గీయుడు. తన లింగమును తానే నిర్ణయించుకొను హక్కును సుప్రీంకోర్టు 2014లోనే అంగీకరించినది. ప్రక్కన కూర్చుండమని కొందరు సభ్యులు గొణుగుదురేమో. అట్టివారికి వేరొక బల్ల చూపుడు. వచ్చి కూర్చున్నవారిని మాత్రము లేపవలదు.