ఉన్నదున్నట్టు అమ్ముదాం



కోనరావుపేటలో ఎలక్ట్రిక్ గిటార్ ఏమిటని నవ్వుకుంటారేమో! మా సిరిసిల్ల ప్రాంతమంటే అందరికీ గుర్తొచ్చేవి రెండే: మగ్గం చప్పుడు, దుబాయి ప్రయాణం. ఆ గల్ఫు దారినే మా ఇంటికి గిటార్ కూడా వచ్చింది. మా పెద్దబాపు బహ్రెయిన్‌లో పనికి పోయి, తిరిగొచ్చేటప్పుడు సెకండ్ హ్యాండులో కొని తెచ్చుకున్నాడు. పెండ్లిళ్లల్లో, గణపతి పందిళ్లల్లో వాయించినాడు. ఇప్పుడాయన లేడు. ఆయన మనుమరాలి కాలేజీ ఫీజు మాత్రం ముందుకొచ్చి నిలబడ్డది. గిటార్ అమ్మక తప్పదు. అమ్మాలా వద్దా అన్నది సమస్య కాదు. ఎట్లా అమ్మాలన్నదే సమస్య.

పట్నంలో ఒక దుకాణదారుకు చూపిస్తే ఆయన ఒక ఉపాయం చెప్పినాడు. “పాత రంగు గీకి కొత్త పాలిష్ కొట్టిస్త. తల మీది పేరు తీసి గిబ్సన్ అని అంటిస్త. ధర రెండింతలైతది.” మా అన్న మెత్తబడ్డాడు. ఫీజు కట్టవలసిన తండ్రి కదా, ఆయనను తప్పుపట్టలేను. కానీ ఈ ఉపాయం అన్యాయమే కాదు, తెలివితక్కువ కూడా అని నా అభిప్రాయం.

ఎందుకంటారా? అది జపానులో తయారైన ఐబనెజ్ గిటార్. గిబ్సన్ వారి లెస్ పాల్ నమూనాను చూసి చేసినది. దాని నెంబరు ‘సి 76’తో మొదలవుతుంది. ఆ కంపెనీ అప్పటి లెక్కలో అక్షరం నెలకు, అంకెలు సంవత్సరానికి గుర్తు. అంటే 1976 మార్చి. దాని మెడ నాలుగు స్క్రూలతో బిగించి ఉంది. అసలు లెస్ పాల్‌కు మెడను జిగురుతో అతికిస్తారు. తెలిసినవాడు వెనక్కి తిప్పి చూస్తే చాలు, అంటించిన పేరు అబద్ధమని తేలిపోతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఈ పోలికల మీదనే గిబ్సన్ యజమాని నార్లిన్ సంస్థ 1977లో అమెరికాలో ఐబనెజ్ పంపిణీదారు ఎల్గర్ మీద దావా వేసింది. గిటార్ తల ఆకారం తమదని వాదించింది. 1978లో రాజీ కుదిరింది. ఆ కాలపు జపాను గిటార్లను ఇప్పుడు ‘లాసూట్ గిటార్లు’ అని పేరుపెట్టి వెదికి కొనేవాళ్లున్నారు. సొంత పేరుతోనే విలువ ఉన్న వస్తువుకు అరువు పేరెందుకు?

ఇక పాలిష్ సంగతి. పాత గిటార్ కొనేవాడు మెరుపు చూడడు. రంగు మొదటిదేనా, పికప్‌లు మొదటివేనా, లోపలి టంకం ఎవరన్నా కదిలించినారా అని చూస్తాడు. గీకిన రంగు మళ్లీ రాదు. పెద్దబాపు మోచేయి రాసుకుని అరిగిన చోటు ఒక మచ్చ కాదు, ఒక సాక్ష్యం.

“మరి మార్పులు చేసిన గిటార్లు కోట్లకు పోలేదా?” అని ఎవరైనా అడగవచ్చు. పోయినయి. డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్‌లో ఎన్నో భాగాలు మారినా, 2019 వేలంలో అది 39 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. కాని ఆ మార్పులు పాట కోసం ఆయన చేసుకున్నవి, లోకానికి తెలిసినవి. కొన్నవాడి కండ్లు కప్పడానికి చేసినవి కావు. కనుక ‘ఒరిజినల్’ అంటే చెయ్యి తగలనిదని కాదు, జరిగింది దాచనిదని నేనంటాను.

మా పెద్దబాపు కూడా ఒక వాల్యూమ్ కంట్రోల్ మార్చినాడు. చెడిపోయిన పాతదాన్ని కాగితంలో చుట్టి గిటార్ పెట్టెలోనే దాచినాడు. ఎవరికోసం దాచినాడో ఇప్పుడు అర్థమైంది.

“ధర తక్కువొస్తే పిల్ల ఫీజు నువ్వు కడతవార?” అన్నాడు అన్న. న్యాయమైన ప్రశ్న. “సగం నేను కడత, అన్నా” అన్న. మాట సులువుగానే వచ్చింది, డబ్బు మాత్రం చీటీ పాడితే గాని రాలేదు.

ఇప్పుడు ఆ పెట్టెలో ఒక కాగితం పెట్టినం. ఏది మొదటిది, ఏది మార్చింది, ఎక్కడ గీత పడింది, అన్నీ దాని మీద రాసింది మా అన్న కూతురే. కొనేవారు ఇంకా రాలేదు. వచ్చినవారు ముందు ఆ కాగితం చదువుకుని, తరువాతనే ధర మాట్లాడాలి.