పిల్లతో పాటు తల్లికీ ఊరట కావాలి

కేసుల్లో చిక్కుకున్న ఆడపిల్లలకు ధ్యానం, శ్వాస మీద ధ్యాస నేర్పడానికి ప్రభుత్వ సొమ్ము ఖర్చు పెట్టడమా? బియ్యానికీ బట్టలకే నిధులు చాలని చోట ఇదేమి విడ్డూరమని కొందరు అడగవచ్చు. ఖర్చు పెట్టవలసిందే. అయితే ఆ సాయం ఆడపిల్లతో పాటు ఆమెను సాకే తల్లికి, అమ్మమ్మకు కూడా అందాలి. లేకుంటే విత్తనం చల్లి నీరు పెట్టనట్టే.

18 ఏళ్లు నిండని పిల్ల ఏదైనా నేరం కింద పట్టుబడితే 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలని 2015 నాటి చట్టం చెబుతోంది. సామాన్యంగా బెయిలు ఇచ్చి ఇంటికి పంపాలి. కుదరని పక్షంలో పరిశీలక గృహంలో ఉంచుతారు. కొత్త చోటు, పోలీసుల భయం, ఊళ్లో ఏమనుకుంటారోనన్న బెంగ. కొందరికి నిద్ర పట్టదు. కొందరు పలకరిస్తే కసురుకుంటారు. దానిని పొగరనుకుంటే పొరబాటే. అది భయం. ఉడుకు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఊపిరి కుదుట పరచుకోవడం నేర్పితే అది ఆ పిల్లకు జీవితమంతా పనికివస్తుంది.

ఇది కొత్త సంగతి కాదు. 1975లోనే జైపూర్ సెంట్రల్ జైలులో ఖైదీలకు విపశ్యన నేర్పారు. 1994లో తీహార్ జైలులో వెయ్యి మందికి పైగా ఖైదీలు పది రోజుల శిక్షణలో కూర్చున్నారు. అయితే పెద్దలకు పెట్టిన పద్ధతినే పిల్లలకు పెట్టరాదు. దెబ్బలు తిన్న, అత్యాచారానికి గురైన ఆడపిల్ల కళ్లు మూసుకుంటే పాత సంఘటనలే కళ్ల ముందుకు రావచ్చు. కాబట్టి బలవంతం కూడదు. శిక్షణ పొందిన మహిళా కౌన్సెలరు దగ్గర ఉండాలి. జూన్ 21 యోగా దినోత్సవం నాడు చాపలు పరచి, ఫొటోలు తీసి, మరునాడు మరచిపోయే తంతు అసలే వద్దు.

ఇక తల్లి మాట. బోర్డు వాయిదాకు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. బస్సు చార్జీలు చేతి నుంచి పెట్టుకోవాలి. ఇంటికి వెళితే ఇరుగుపొరుగు మాటలు. ఆ దుఃఖం చివరకు పిల్ల మీద తిట్లుగా, దెబ్బలుగా దిగుతుంది. గృహంలో నేర్చుకున్న శాంతం ఆ ఇంట ఎన్నాళ్లు నిలుస్తుంది? పిల్లను ఇంటికి పంపేటప్పుడు ఆమెతో పాటు తల్లిదండ్రులకూ కౌన్సెలింగు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అది కాగితాన మిగిలిపోరాదు. వాయిదా రోజునే తల్లులకు ఒక గంట శిక్షణ పెట్టి, కూలి నష్టం, దారి ఖర్చులు చెల్లించాలి.

నిధులకు దారి లేకపోలేదు. మిషన్ వాత్సల్య పథకానికి మన రాష్ట్రాల్లో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. రాష్ట్రాలు జువెనైల్ జస్టిస్ నిధిని ఏర్పరచుకోవచ్చని చట్టమే చెబుతోంది. గృహాల సిబ్బందిలో కౌన్సెలరు, పార్టుటైం యోగా శిక్షకులు ఉండాలని 2016 నిబంధనలు సూచించాయి. ముందు ఆ పోస్టులు ఖాళీ లేకుండా చూడాలి.

ధ్యానం కేసును కొట్టివేయదు, కడుపు నింపదు. సకాలంలో విచారణ, లాయరు సాయం, చదువు, భోజనం తప్పనిసరి. వాటికి కోత పెట్టి దీనికి పెట్టరాదు.

గ్రామస్థులకూ బాధ్యత ఉంది. తిరిగి వచ్చిన పిల్లను రచ్చబండ మీద ఎత్తిపొడిస్తే ఎంత సొమ్ము పోసినా వృథాయే. ఆమెను మళ్లీ బడికి పంపనివ్వండి. తల్లి ఎదురైతే "బాగున్నావా అమ్మా" అని పలకరించండి. అందుకు ఏ బడ్జెట్టూ అక్కరలేదు. మిగతాది ప్రభుత్వం వెంటనే చేయాలి.