కళావేదిక: పెద్ద గాయకుల కచేరీకి వెళ్ళే ముందు

1623 ఫిబ్రవరి మాసంలో పియెత్రో దెల్లా వాల్లే అనే రోమ్ నగర యాత్రికుడు ఓడలో సూరత్ రేవుకు చేరుకొన్నాడు. ఆయన వ్రాసిన లేఖలు ఆనాటి పశ్చిమ తీరపు జనజీవనాన్ని ఎరుగగోరేవారికి నేటికీ ఆధారంగా ఉన్నాయి. ఆయన సంగీతజ్ఞుడు కూడా అన్న విషయం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. స్వదేశం చేరిన చాలా ఏళ్ళకు, 1640లో, ఆయన ఒక మిత్రునికి సంగీతంపై దీర్ఘమైన లేఖ వ్రాశాడు. తమ కాలపు సంగీతం గత కాలపు సంగీతానికి ఏమాత్రం తీసిపోదనీ, పైగా దానికన్న మెరుగనీ అందులోని వాదం. పూర్వపు గాయకులకు కంఠంలో వేగమూ, గమకాల పనితనమూ ఉండేవి గాని, స్వరాన్ని మెల్లగా పెంచి, మెల్లగా తగ్గించి, మాటలోని భావానికి తగినట్లు పలికించే నేర్పు ఉండేది కాదని ఆయన అభిప్రాయం. అంటే, ఆ రోజుల్లో పాడినట్లు ఇప్పుడెవరు పాడుతున్నారు అన్న నిట్టూర్పు నాలుగు వందల ఏళ్ళ క్రితమే ఉన్నదన్నమాట!

ఆ నిట్టూర్పు మన కాలనీలలో నేటికీ వినవస్తుంది. పేరుమోసిన పెద్ద గాయకుడో, గాయనియో ఇండోర్ స్టేడియంలో పాడబోతున్నట్లు గోడపత్రిక పడగానే ఇళ్ళలో రెండు పక్షాలు ఏర్పడతాయి. ఈ వయసులో వారేమి పాడగలరు, ఇంట్లో రికార్డు పెట్టుకొని వింటే పోదా అని ఒక పక్షం. ఎలా పాడినా సరే, ఒక్కసారి కళ్ళారా చూసి రావాలని రెండవ పక్షం. నలుగురున్న కుటుంబానికి టిక్కెట్లు, రానుపోను ఖర్చులు కలిపితే నెల బడ్జెట్లో అది చిన్న మొత్తమేమీ కాదు. కాబట్టి ఇటువంటి కచేరీలో మనకు ఏమి దొరుకుతుంది, ఏమి దొరకదు అన్నది ఈ మాసం ముచ్చటించదలచాము.

దెల్లా వాల్లే స్వదేశంలోనే ఈ సమస్యకు రెండు భిన్నమైన పరిష్కారాలు కనిపిస్తాయి. ఇటలీ ప్రజలు ఆరాధించే గాయని మీనా 1978 ఆగస్టులో, 38 ఏళ్ళ వయసులో, టస్కనీ సముద్రతీరంలోని ఒక వేదికపై పాడి, ఆ తరువాత ప్రేక్షకుల ముందుకు రావడం మానివేసింది. పాడటం మానలేదు, దశాబ్దాల పాటు రికార్డులు వెలువరిస్తూనే వచ్చింది. ఆమె తోటి గాయకుడు అద్రియానో చెలెంతానో ఇందుకు విరుద్ధం. చాలాకాలం వేదికకు దూరంగా ఉండి, 74 ఏళ్ళ వయసులో, 2012 అక్టోబరు 8, 9 తేదీలలో వెరోనా నగరంలోని రోమన్ల కాలపు రంగస్థలంలో రెండు రాత్రులు పాడాడు. ఒకటవ శతాబ్దపు రాతి కట్టడం, పైకప్పు లేదు, చుట్టూ వేలాది జనం. ఆ కార్యక్రమాన్ని టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. (ఈయనే 1972లో ఆంగ్లంలా ధ్వనిస్తూ ఏ భాషలోనూ అర్థంలేని మాటలతో ఒక పాట పాడి దేశదేశాల వారి చేత చప్పట్లు కొట్టించాడు. పాటకు సాహిత్యమే ప్రాణమని నమ్మే మనకు ఇది కొంచెం ఇబ్బంది కలిగించే విషయమే.)

మన గాయకులలోనూ ఈ రెండు మార్గాలు ఉన్నాయి. ఎస్. జానకి గారు 2017 అక్టోబరు 28న మైసూరులో పాడిన కచేరీయే తమ చివరి కచేరీ అని ముందుగా ప్రకటించి, 79వ ఏట వేదికకు సెలవు చెప్పారు. ఆశా భోంస్లే గారు తమ 90వ జన్మదినాన, 2023 సెప్టెంబరు 8న, దుబాయిలోని కోకా-కోలా ఎరీనాలో కచేరీ చేశారు. మరుసటి ఏడు డిసెంబరులో మళ్ళీ దుబాయి వేదికపైనే నేటి కుర్రకారు పాట ఒకటి పాడి, అడుగులు కూడా వేశారు. ఈ రెండు నిర్ణయాలలో ఏది సరియైనదని అడిగితే మేము చెప్పలేము. అది పాడేవారు తేల్చుకోవలసిన విషయం. వినేవారు తెలుసుకోవలసినది వేరే ఉన్నది.

వయసుతో కంఠంలో వచ్చే మార్పులు దాచవలసినవి కావు. స్వరపేటికలోని మృదులాస్థి క్రమంగా గట్టిపడుతుంది, స్వరతంత్రులు పలుచనవుతాయి, ఊపిరితిత్తుల పట్టు తగ్గుతుంది. స్త్రీల కంఠం వయసుతో కొంత క్రిందికి దిగుతుంది. ఫలితంగా మొదట సడలేది పైస్థాయి. ఆ తరువాత సడలేది దమ్ము: ఒకప్పుడు ఒక్క ఊపిరిలో పాడిన పాదాన్ని రెండుగా విరిచి పాడవలసి వస్తుంది. నిలిపిన స్వరంలో కంపన నెమ్మదించి, వెడల్పవుతుంది. సడలనిది ఏమిటంటే, మాటను ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ విడవాలో, ఎక్కడ మౌనంగా ఉండాలో తెలిసిన వివేకం. దెల్లా వాల్లే మెచ్చుకొన్నది సరిగ్గా ఆ నేర్పునే. పెద్ద గాయకుల కచేరీలో చెవి పెట్టి వినవలసినది కూడా అదే.

కాబట్టి పాట రికార్డులో ఉన్న శ్రుతిలో వినబడదు. హార్మోనియంపై ఒకటి రెండు మెట్లు, ఒక్కొక్కప్పుడు మూడు మెట్లు క్రిందికి దించి పాడతారు. కీబోర్డు వాయించేవారికి ఇది ఒక మీట నొక్కితే తీరే పని. వేణువు వాయించేవారు మాత్రం సంచి నిండా వేర్వేరు శ్రుతుల వేణువులు తెచ్చుకొంటారు. పాటకూ పాటకూ మధ్య వారు సంచిలో వెదకడం గమనించవచ్చు. శ్రుతి దించితే పాట రంగు కొంత మారుతుంది. ఉత్సాహంగా దూకే పాట కాస్త ఆలోచనలో పడినట్లు ఉంటుంది. కొన్ని పాటలకు ఇది నష్టం. కొన్ని విషాద గీతాలకు మాత్రం నిజంగా లాభమని మా అభిప్రాయం.

రెండవది, గోడపత్రికపై ఉన్న ముఖం ఒకటే అయినా పాడే గొంతులు అనేకం. మూడు గంటల కార్యక్రమంలో పెద్ద గాయకులు సగానికి మించి పాడకపోవచ్చు. నడుమ యువ గాయనీగాయకులు పాడతారు, వాద్యబృందం ఒక్కటే వాయిస్తుంది, వ్యాఖ్యాత చమత్కారాలు చెబుతాడు. కొన్ని పాటలను పల్లవి, ఒక చరణంతో ముగించి మాలికగా గుచ్చుతారు. ఇది మోసం కాదు. గొంతుకు విశ్రాంతి కావాలి. అయితే నిర్వాహకులు ఈ సంగతి టిక్కెట్టుపైనే తెలియజేస్తే సమంజసంగా ఉంటుంది. ఆ పని చేసేవారు అరుదు.

మూడవది మాటలు. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం గారి కచేరీలు చూసినవారికి తెలుసు. ఆయన పాటకు ముందు కవి పేరు, సంగీత దర్శకుని పేరు చెప్పి, వాద్యకారులను సభకు పరిచయం చేసి గాని తృప్తి పడేవారు కాదు. రికార్డులో దొరకని భాగం అదే. 1966లో మొదటి సినిమా పాట పాడిన ఆయన, యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా 2016లో దేశదేశాల పర్యటన ప్రారంభించారు. ఆ పర్యటనలోనే ఒక చిక్కు వచ్చింది. 2017 మార్చిలో అమెరికాలో ఉండగా, తమ అనుమతి లేకుండా తమ బాణీలు వేదికపై పాడరాదని ఇళయరాజా గారి నుండి లాయరు నోటీసు అందింది. చట్టం తమకు తెలియదని, అయినా దానికి కట్టుబడతామని చెప్పి, ఆ పాటలు మినహాయించి మిగిలిన సంగీత దర్శకుల పాటలతో బాలు గారు పర్యటన కొనసాగించారు. ఆ పాటలే వినాలని ఎంతో దూరం నుండి వచ్చిన శ్రోతల నిరాశను ఊహించుకోవచ్చు. 2019 జూన్ 2న చెన్నైలో ఇద్దరూ ఒకే వేదికపైకి రావడంతో ఆ కథ సుఖాంతమయింది. మరుసటి ఏడు సెప్టెంబరు 25న బాలు గారు మనకు దూరమైనారు.

ఆనాడు చాలామంది ఒకరి పక్షమో, రెండవవారి పక్షమో వహించి ఆవేశపడ్డారు. మా దృష్టిలో అది స్నేహితుల తగవు మాత్రమే కాదు. పాటను పాడినవారు ఒకరు, కట్టినవారు ఒకరు, వ్రాసినవారు ఒకరు, డబ్బు పెట్టినవారు మరొకరు. టిక్కెట్టు పెట్టి పాడించినప్పుడు హక్కుదారులకు చెందవలసినది చెల్లించి అనుమతి పొందడం నిర్వాహకుల బాధ్యత. 2012లో జరిగిన కాపీరైటు చట్ట సవరణ కవులకు, స్వరకర్తలకు ఈ విషయంలో బలం చేకూర్చింది. మన రిక్రియేషన్ క్లబ్ కార్యదర్శులు గమనించవలసిన అంశం ఒకటి: ప్రవేశ రుసుము లేకుండా ఔత్సాహిక సంఘాలు జరిపే ప్రదర్శనకు చట్టంలో మినహాయింపు ఉన్నది. టిక్కెట్టు పెట్టిన వెంటనే ఆ మినహాయింపు వర్తించదు.

ఇక స్థలం సంగతి. అఠ్వాలైన్స్ ప్రాంతంలోని పండిత్ దీనదయాళ్ ఉపాధ్యాయ ఇండోర్ స్టేడియంలో ఆరు వేలకు పైగా జనం కూర్చోవచ్చు. 2022 జాతీయ క్రీడల టేబుల్ టెన్నిస్ పోటీలు అక్కడే జరిగాయి. బంతి కోసం కట్టిన భవనానికీ, పాట కోసం కట్టిన భవనానికీ తేడా ఉంటుంది. గట్టి నేల, ఎత్తైన కప్పు, నాలుగు వైపులా మెట్ల వరుసలు: శబ్దం గోడ నుండి గోడకు తిరిగి వచ్చి మాటలను అలుకుతుంది. తాళవాద్యాలు బాగా వినిపిస్తాయి, సాహిత్యం మసకబారుతుంది. పాల్ ప్రాంతంలో, ఈ ఊరి బిడ్డ సంజీవ్ కుమార్ పేరిట నెలకొన్న ఆడిటోరియం వంటి నాటకశాలలో విన్న పాటను మనసులో ఉంచుకొని స్టేడియానికి వెళితే ఆశాభంగం తప్పదు.

ఇంకొక అనుమానం తరచుగా వినవస్తుంది. పెద్ద తెరపై పెదవులు ముందు కదులుతున్నాయి, పాట తరువాత వినిపిస్తున్నది, కనుక టేపు పెట్టి మభ్యపెడుతున్నారు అని. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. వేదిక ప్రక్కనున్న స్పీకర్లకు 60 మీటర్ల దూరాన కూర్చున్నవారికి పాట సెకనులో ఆరవ వంతు ఆలస్యంగా చేరుతుంది. బొమ్మ మాత్రం తత్‌క్షణమే కనిపిస్తుంది. ముందే ముద్రించిన వాద్యగోష్ఠిని నేపథ్యంలో వాడటం ఉన్నమాట నిజమే గాని, పెదవుల తేడా ఒక్కటే దానికి సాక్ష్యం కాదు. సౌండ్ మిక్సర్ ఉంచిన చోటు చూసి, దానికి చేరువలో సీటు దొరికితే తీసుకోవలసిందిగా మా సలహా. ధ్వనిని సరిచేసేవాడు తన చెవికి తగినట్లే సరిచేస్తాడు. అతి ఖరీదైన మొదటి వరుసలో గాయకుల ముఖం బాగా కనిపిస్తుంది, పాట మాత్రం స్పీకర్ల నడుమ చీలిపోతుంది.

సూరత్ నివాసులమైన మనకు నవరాత్రి గర్బా అలవాటు ఒకటి ఉన్నది. అక్కడ గాయకుడు పాటకూ పాటకూ మధ్య విరామం ఇవ్వడు. నెమ్మదిగా మొదలై వేగం పెరుగుతూ పోతుంది. వినడం కన్న వలయంలో తిరగడమే ముఖ్యం. ఆ ఊపుతో పెరిగిన మన పిల్లలకు, కూర్చొని వినవలసిన కచేరీలో మాటలు, విరామాలు విసుగు పుట్టిస్తాయి. వారిని నిందించి ప్రయోజనం లేదు. వెళ్ళే ముందు వారం రోజులు ఆ గాయకుల పాటలు నాలుగైనా ఇంట్లో వినిపిస్తే, వేదికపై ఆ పల్లవి ఎత్తుకొన్నప్పుడు పిల్లలు తామే గొంతు కలుపుతారు. లింబాయత్, ఉధనా ప్రాంతాలలో మగ్గాల మీద బ్రతుకుతున్న తెలంగాణ పద్మశాలి కుటుంబాలలో మూడవ తరం పిల్లలు గుజరాతీలోనే చదువుకొంటున్నారు. అటువంటి ఇళ్ళలో తాతకూ, మనవడికీ ఉమ్మడిగా మిగిలిన తెలుగు కొన్ని పాటలే కావచ్చు.

చెవుల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. బహిరంగ వినోద స్థలాలలో సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం నిర్దేశించింది. ప్లాంటులో కంప్రెసర్ల ప్రక్కన, మగ్గాల షెడ్డులో పగలంతా గడిపినవారి చెవులు అప్పటికే అలసి ఉంటాయి. డ్యూటీలో వాడే చెవి బిరడాలు జేబులో వేసుకొని వెళ్ళడం నామోషీ కాదు. చిన్నపిల్లలను స్పీకర్లకు ఎదురుగా కూర్చోబెట్టరాదు.

సెల్‌ఫోను గురించి ఒక్క మాట. పెద్దవారి గొంతు ఒకచోట జారితే ఆ పది క్షణాలను చిత్రించి పదిమందికి పంపేవారు ప్రతి సభలోనూ ఉంటున్నారు. మూడు గంటల పాటలో ఆ ముక్క ఒక్కటే ఊరూరా తిరుగుతుంది. యాభై ఏళ్ళు మన ఇళ్ళలో వినిపించిన గొంతుకు మనమిచ్చే ప్రతిఫలం అది కారాదని మాత్రం గట్టిగా చెప్పదలచాము.

చివరగా సమయం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమావళి ప్రకారం ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 గంటలకు ఆపవలసి ఉంటుంది. నవరాత్రి వంటి సందర్భాలలో ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. మైదానంలో జరిగే కచేరీ కాబట్టి గడియారం చూసి ముగుస్తుంది. మూసిన ప్రేక్షకశాలలకు ఆ నిబంధన వర్తించదు, అందువల్ల అవి సాగుతాయి. అందరూ ఎదురుచూసే పాటలను సాధారణంగా చివరి అరగంటకే దాచుతారు. హజీరా, కవాస్ వైపు కాలనీలకు తిరిగి వెళ్ళవలసినవారు వాహనం ముందుగానే మాట్లాడుకోవాలి. మర్నాడు మొదటి షిఫ్టు ఉన్నవారు నడుమ లేచి రావడం కన్న, ఎవరితోనైనా షిఫ్టు మార్చుకొని వెళ్ళడమే మేలు.