ఒండ్రుపొరలలో వానల చరిత్ర

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయిన అమ్జద్ హైదరాబాదీ తన దుఃఖాన్ని ఉర్దూ కవిత్వంలో నిలిపారు. అక్షరమున్న కాలపు వరద కనుక అది మనకు తెలిసింది. అక్షరం లేని కాలపు వానల మాట ఎవరు చెప్పాలి? ఆ దస్తావేజును నది తానే వ్రాసిపెట్టింది.

వడిగల వరద ముతక ఇసుకను మోసుకొస్తుంది. నీరు నిలకడగా ఉన్నచోట సన్నని బంకమన్ను దిగుతుంది. ఇట్లు పొరమీద పొర పేరుకుంటుంది. ఆకులపై ఉండే మైనపు పదార్థం ఆ పొరలలో వేల ఏండ్లు నిలుస్తుంది. చెట్లు, మెట్టగడ్డి కర్బనాన్ని వేర్వేరు పద్ధతులలో స్వీకరిస్తాయి. కావున ఆ మైనాన్ని పరీక్షించి, ఆనాటి నేల చెమ్మగలదో ఎండినదో శాస్త్రజ్ఞులు నిర్ణయిస్తున్నారు.

మన గోదావరియే ఇందుకు నిదర్శనం. నది సముద్రంలో కలిసేచోటికి ఆవల, బంగాళాఖాతం అడుగున పేరుకున్న ఒండ్రును 2006లో గొట్టాలతో పైకి తీశారు. దానిపై 2012లో వెలువడిన పరిశోధన సుమారు 10,000 ఏండ్ల చరిత్రను వెల్లడించింది. దాదాపు 4,000 ఏండ్ల క్రితం నుండి ఈ పరీవాహక ప్రాంతం క్రమంగా పొడిబారింది. సుమారు 1,700 ఏండ్ల క్రితం ఆ పొడితనం మరింత ముదిరింది.

అయితే మేట మందంగా ఉన్నంత మాత్రాన వానలు హెచ్చని తేల్చరాదు. వానలు తగ్గి చెట్టుచేమ పలచబడడమూ, సేద్యం విస్తరించడమూ దక్కను నల్లమట్టిని కోసి గోదావరిలో కలిపాయని 2017 నాటి మరో పరిశోధన తెలిపింది. ప్రకృతి చేసినదేదో, మనిషి చేసినదేదో వేరుచేయడానికి చరిత్ర విద్యార్థి, రసాయనశాస్త్ర విద్యార్థి ఒకచోట కూర్చోవలసిందే.

పొరలు తమ వరుసలో ఉన్నంతవరకే సాక్ష్యం. నదీగర్భాన్నీ గట్లనూ యంత్రాలతో తవ్వి ఇసుక తరలిస్తే ఆ వరుస చెదరిపోతుంది; దానిని మరల కూర్చగల విద్య లేదు. గృహనిర్మాణానికి ఇసుక అవసరమే, కాదనము. కాని అనుమతిగల తవ్వకానికైనా ముందు గట్టుకోతను కొలిచి, చిత్రించి, మచ్చుమన్ను భద్రపరచడం విధిగా ఉండాలని మా అభిప్రాయం. కళాశాల పాలకవర్గం వారు ఏటా ఒక్క యాత్రనైనా నదీతీర అధ్యయనానికి కేటాయించాలని మనవి.

మన దేశంలో వర్షమాపకాల లెక్కలు సుమారు రెండు శతాబ్దాల నాటివే. ఒక కరువు ఎంతకాలం సాగగలదో తెలుసుకోవడానికి ఆ లెక్కలు చాలవు. విద్యార్థులారా, అంతకుముందరి లెక్క మన నదుల గట్లలోనే ఉంది. అది లారీకెక్కక ముందే చదువుకుందాము.