ఊడిన ముక్కకు దంతమేదీ?

డెన్మార్క్‌కు చెందిన థామస్ డామ్ సృష్టించిన ట్రోల్ బొమ్మలు 1960లలో దేశదేశాలు చుట్టాయి. వాటి జుట్టు రాలిపోతే ఇప్పటి సేకర్తలు కొత్త ఉన్ని అతికించి మళ్లీ అల్మరాలో నిలబెడతారు. సూరత్ పెట్టెలకు మాత్రం ఆ అదృష్టం లేదు.

సూరత్ అంటే మనకు చీరలు, వజ్రాలు, తెలంగాణ నుంచి వలసపోయిన నేత కార్మికులు. కానీ ఆంగ్లేయులు ఆ ఊరి నుంచి ముచ్చటపడి పట్టుకెళ్లినవి సాడేలి పెట్టెలు. పర్షియా నుంచి వచ్చిందని చెప్పే ఈ పనిలో కిటుకంతా కోతలోనే ఉంది. దంతం, ఎముక, తగరం, నల్ల చేవకర్ర, చందనం వంటి వాటిని సన్నటి పుల్లలుగా చెక్కి, కట్టగా కలిపి అతికిస్తారు. ఆ కట్టను అడ్డంగా కోస్తే ప్రతి పలుచటి బిళ్లలోనూ అదే నక్షత్రం. ఆ బిళ్లలను చెక్క మీద పరుస్తారు. మన విశాఖపట్నం దంతపు పెట్టెల పని వేరు. అక్కడ దంతపు రేకు మీద లతలు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో రెండూ ఉన్నాయి.

నూరేళ్లు దాటాక పాత వజ్రం బంక పట్టు వదులుతుంది. చెక్క ఒకలా, దంతం ఒకలా ముడుచుకుంటాయి. బిళ్లలు టపటపా ఊడతాయి. ఊడినవి దొరికితే సరే, శుభ్రం చేసి అతికించవచ్చు. పోయినవాటికి కొత్త దంతం ఎక్కడిది? వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణలు 1986లో భారతీయ దంతం వ్యాపారాన్ని, 1991లో ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని కూడా నిషేధించాయి. వ్యాపారులు కోర్టుకెక్కినా 2003లో సుప్రీంకోర్టు నిషేధాన్నే సమర్థించింది. ఏనుగు పక్షాన చూస్తే ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు.

సూరత్‌లో మిగిలిన కొద్దిమంది పనివారు ఎముక, ప్లాస్టిక్‌లతో నెట్టుకొస్తున్నారు. అసలు ప్రమాదం వేరే ఉంది. ఎముకకు టీ డికాషన్‌తో పాతరంగు పట్టించి, అతుకు కనబడకుండా చేసి అమ్మేవారికి కొదవ ఉండదు. కొత్త ముక్క కొత్తదని తెలిసేలా వదిలేసే మరమ్మతుదారుడికి బేరం తగ్గవచ్చుగానీ, పెట్టె చరిత్ర చెడదు. బ్రిటన్‌లో 2022లో అమల్లోకి వచ్చిన దంతం చట్టం 1947కు ముందు తయారై, పరిమాణంలో పదిశాతంకన్నా తక్కువ దంతమున్న వస్తువులను నమోదు చేసుకుని అమ్ముకోనిస్తోంది. పలుచటి బిళ్లల సాడేలి పెట్టెలు చాలావరకు ఇందులో ఇమిడిపోతాయి. మన దేశంలో మాత్రం నూరేళ్లు దాటిన కళావస్తువును బయటికి పంపడానికి 1972 నాటి పురావస్తు చట్టం ఒప్పుకోదు.

కొనేవాడి చేతిలో మిగిలేది భూతద్దమే. దంతపు అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటుతూ పోయే సన్నటి గీతలుంటాయి. ఎముకలో కనబడేవి చిన్నచిన్న నల్లచుక్కలు. ఎంత డికాషన్ పట్టించినా ఆ చుక్కలు పోవు.