నేపథ్యం ఎక్కడున్నది?

సంస్కృత నాటకాలు చదివినవారికి 'నేపథ్యే' అన్న రంగసూచన సుపరిచితం. తెర వెనుక నుండి మాట వినవస్తున్నదని దాని భావం. అంటే ఆ ధ్వనికి ఒక చోటున్నది. నేడు మనం 'నేపథ్య సంగీతం' అంటున్నదానికి చోటు లేదు. సినిమాలో వీణ మ్రోగితే అది ఏ గదిలో మ్రోగుతున్నదని ఎవరూ వెదకరు. ఒకే పదం చోటున్న ధ్వని నుండి చోటులేని ధ్వనికి నడచివచ్చింది.

వీడియో గేములలో ఈ రెంటినీ త్రీడీ, టూడీ శబ్దాలంటారని మా మనుమడు చెప్పాడు. టూడీ శబ్దం ఆటగాడు ఎక్కడ నిలిచినా ఒకే తీరుగా వినబడుతుంది. త్రీడీ శబ్దం దిక్కును బట్టి చెవి మారుతుంది, దూరాన్ని బట్టి సన్నగిల్లుతుంది. గేములు నిర్మించే యూనిటీలో 'స్పేషియల్ బ్లెండ్' అని ఒక మీట ఉన్నది. అది 0 వద్ద ఉంటే పూర్తిగా టూడీ, 1 వద్ద ఉంటే పూర్తిగా త్రీడీ. నడుమ ఏ పాళ్లలోనైనా కలుపుకోవచ్చు. దూరాన్ని బట్టి ఆ పాళ్లు మారేటట్లూ చేయవచ్చు. ఏటి గలగల దూరాన ఒక దిక్కు నుండి రావాలి; ఒడ్డు చేరినవాని చుట్టూ కమ్ముకోవాలి. ఆ కలయిక లేకుంటే, శబ్దం ఉంచిన బిందువును దాటగానే ఏరు ఒక చెవి నుండి మరొక చెవికి గెంతుతుంది!

సహజత్వం కోసం అన్ని శబ్దాలూ త్రీడీలోనే ఉండాలని కొందరి వాదం. నేను అంగీకరించను. కారణం నా కుడి చెవి. అది వినడం మానివేసి కొన్నేండ్లయింది.

ఒకనాడు మనుమడు నా తలకు హెడ్‌ఫోన్లు తగిలించి ఆట చూపాడు. ఊరి మధ్య ఒక ముసలమ్మ పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. "మాటలు పెట్టలేదా నాయనా?" అన్నాను. "ఆవిడ మాట్లాడుతూనే ఉంది తాతయ్యా" అని వాడు బొమ్మను ఇటు త్రిప్పాడు. ముసలమ్మ నా ఎడమ చెవిలో పలికింది. నిజమైన ఊరిలోనైతే కుడిప్రక్క మాట కొంతైనా ఎడమ చెవికి చేరేది. ఆ ఆట పాటించిన సహజత్వం సహజం కూడా కాదన్నమాట.

ఇందులో ఒక చిక్కున్నదని ఒప్పుకుంటాను. టూడీ పాలు పెరిగితే దిక్కుతో పాటు దూరమూ చెరిగిపోతుంది. ఎక్కడో ఉన్న శత్రువు అడుగులు ప్రక్కనే ఉన్నట్లుంటాయి. కాబట్టి అడుగుల చప్పుడుకు ఈ మందు పనికిరాదు. దానికి ఫోర్ట్‌నైట్‌లో వలె శబ్దం వచ్చే దిక్కును తెరపై గుర్తుతో చూపడం మేలు. విండోస్ 10 నుండి ఉన్న 'మోనో ఆడియో' అమరిక రెండు చెవులకూ ఒకటే వినిపిస్తుంది గాని, అది అన్ని శబ్దాల దిక్కులనూ ఒక్కసారే తుడిచివేస్తుంది.

మాట వేరు, చప్పుడు వేరు. చప్పుడుకు దిక్కు ప్రధానం, మాటకు అర్థం ప్రధానం. కనుక సంభాషణలలో కొంత టూడీ పాలు ఎప్పుడూ ఉండాలనీ, ఆ పాళ్లు మార్చుకునే మీటను ఆటగాని చేతికే ఇవ్వాలనీ నా మనవి. నలుబది మంది పిల్లలున్న తరగతిలో చివరి బల్లకు వినబడకపోతే తప్పు బల్లది కాదు, పంతులుది. మీరేమంటారు మిత్రులారా?